ఏ మంచు మీద నడపబోతున్నారు? టైర్లు, చైన్ల మధ్య ఎంపిక

మా బామ్మర్ది బెంగళూరు మహదేవపురలో ఉంటాడు. నవంబర్ ఆఖర్లో ఒక ఆదివారం ఫోన్ చేశాడు.

"బావా, జనవరిలో కార్లోనే మనాలికి పోతాండాం. మంచు టైర్ల కోసం జేసీ రోడ్డంతా తిరిగినా. ఎవురి దగ్గరా లేవంట. యాడ దొరుకుతాయి?"

"ఏ మంచు మీద నడపాల్సొస్తాదో చూసుకున్నావా?"

"మంచు అంటే మంచే గదా బావా. దాంట్లో గూడా రకాలుంటాయా?"

ఉంటాయి. టైర్ల ఎంపిక మొత్తం ఆ రకాల మీదే ఆధారపడి ఉంది. తెల్లవారుజామున నంది కొండను కమ్మేసేది మంచే, లంబసింగిలో గడ్డి మీద పేరుకునేది మంచే, సిమ్లాలో ఆకాశం నుంచి రాలేది మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేది కూడా మంచే. మనం పుట్టి పెరిగిన ఊళ్లలో ఇంతకంటే విడమరిచి చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. టైరుకు మాత్రం ఒక్కో మంచూ ఒక్కో రోడ్డు. ఒకదాని మీద గట్టిగా పట్టే టైరు ఇంకోదాని మీద తడి గచ్చు మీద సబ్బు ముక్కలా జారిపోతుంది.

ఈ సంగతి నేను చదివి తెలుసుకోలేదు. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో మేము బెంగళూరు నుంచి మా కారులోనే వెళ్లి, మనాలి పైనున్న అటల్ టన్నెల్ దాటి సిస్సు అనే ఊళ్లో ఒక రాత్రి ఉన్నాం. వెళ్లేటప్పుడు రోడ్డు మీద నాలుగు అంగుళాల కొత్త మంచు ఉంది. భయపడుతూ నెమ్మదిగా నడిపాను, ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున రోడ్డు శుభ్రంగా కనిపించింది. మంచు తోసేశారు, తారు నల్లగా కనబడుతోంది. హమ్మయ్య అనుకుని గంటకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే కొండ నీడ పడిన ఒక మలుపులో రోడ్డు కొద్దిగా తడిగా ఉన్నట్టు అనిపించింది. బ్రేక్ వేశాను. స్టీరింగ్ ఎటు తిప్పినా కారు దాని దారిన అది తిన్నగా పోయింది. కొండ వైపు పోగేసిన మంచు గుట్టకు తగిలి ఆగింది. లోయ వైపు మలుపు అయ్యుంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ ఆలోచించాలనిపించదు. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది.

కనిపించే మంచు మీద మనమే జాగ్రత్త పడతాం. కనిపించని మంచు మీదే టైరు అవసరం తెలిసొస్తుంది. అందుకే టైర్ల కంటే ముందు మంచు సంగతి చెబుతాను.

టైరు కింద ఉండేది ఏమిటి

కొత్తగా రాలిన పొడి మంచు: బూడిదలా, పిండిలా ఉంటుంది. టైరు మీద లోతుగా ఉన్న గాడులు దాన్ని ఒడిసిపట్టుకుంటాయి. మంచును మంచే పట్టుకుంటుంది కాబట్టి, గాడుల్లో మంచు నిండిన టైరుకు దీని మీద బాగానే పట్టు దొరుకుతుంది. ప్రమాదం ఎక్కువగా లోతు వల్ల వస్తుంది. కారు పొట్ట ఆనేంత మంచు ఉంటే ఏ టైరూ ముందుకు లాగలేదు.

అణిగిన మంచు: బండ్లు తిరిగి తిరిగి గట్టిపడిన తెల్లటి పలక. మనాలి, సోలాంగ్, గుల్మార్గ్ దారుల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

బురద మంచు: మధ్యాహ్నం ఎండకు సగం కరిగి నీళ్లతో కలిసిన ముద్ద. వాన నీటి మీద తేలినట్టు టైరు దీని మీద తేలుతుంది. సాయంత్రం ఐదు దాటాక ఇదే గడ్డకట్టి కింద చెప్పినదానిగా మారుతుంది.

గాజు మంచు: కరిగిన నీళ్లు తారు మీద పల్చగా గడ్డకట్టిన పొర. ఇంగ్లిషులో బ్లాక్ ఐస్ అంటారు. నల్ల రంగు మంచుది కాదు, దాని గుండా కనబడే తారుది. నీడ మలుపులు, వంతెనలు, సొరంగాల నోళ్లు, రోడ్డుకు అడ్డంగా నీళ్లు పారే చోట్లు దీని స్థావరాలు. ఇంకో విషయం చాలామందికి తెలియదు: సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచుగడ్డ, మైనస్ 20 దగ్గర ఉన్నదాని కంటే ఎక్కువ జారుతుంది. పైన పల్చటి తడి ఉంటుంది మరి. అంటే "ఈరోజు చలి తగ్గింది" అనిపించిన పూటే రోడ్డు ఇంకా ప్రమాదంగా ఉండొచ్చు.

ఈ తేడా ఎంతో లెక్క వేసి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ గట్టిగా బ్రేక్ వేస్తే, మన కాలు కదలడానికి పట్టే సమయం వదిలేసినా, పొడి తారు మీద కారు సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద సుమారు 25 మీటర్లు కావాలి. గాజు మంచు మీద 60 మీటర్లు దాటుతుంది. అదే గాజు మంచు మీద 20 వేగంతో పోతుంటే దాదాపు 16 మీటర్లు సరిపోతాయి. వేగం సగమైతే ఆగే దూరం నాలుగో వంతు అవుతుంది. ఏ షాపులోనూ ఇంత చవకగా ఇంత పట్టు దొరకదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మంచు రకం తర్వాత నన్ను అడిగితే చూడాల్సినవి ఇంకో నాలుగు. ఏడాదిలో ఎన్ని రోజులు మంచులో ఉంటారు? ఆ మంచు చేరడానికి ముందు ఎంత దూరం వేడి రోడ్డు మీద నడపాలి? మీ కారు చక్రానికీ, బాడీకీ మధ్య చైను పట్టేంత సందు ఉందా? వెళ్లే చోట చట్టం ఏమంటోంది?

వీటిలో రెండోదాన్ని బెంగళూరు, చెన్నై వాళ్లు మర్చిపోతుంటారు. బెంగళూరు నుంచి మనాలికి దాదాపు 2,700 కిలోమీటర్లు. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ మీదుగా పోవాలి. జనవరి మధ్యాహ్నం నాగ్‌పూర్ దగ్గర 28 డిగ్రీలు ఉన్నా ఆశ్చర్యం లేదు. రానూపోనూ 5,400 కిలోమీటర్లలో నిజంగా మంచు మీద నడిపేది మహా అయితే 60, 100 కిలోమీటర్లు. ఆ కాస్త దూరం కోసం మిగతా దారి మొత్తం తప్పుడు టైరు మీద నడపడం తెలివైన పని కాదు. ఫ్యామిలీతో హైవే మీద 100 వేగంతో పోయేటప్పుడు కూడా టైరే కదా మనల్ని ఆపేది.

మంచు ప్రదేశంలో స్థిరపడ్డవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది. మాంట్రియల్‌లో ఉంటున్న మా పెదనాన్న కొడుక్కి నాలుగు నెలలు రోజూ అదే రోడ్డు.

ఇప్పుడున్న టైర్లు

మన దగ్గర కార్లతో వచ్చే టైర్లు వేడికి తగ్గట్టు చేసినవి. చలి 7 డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు రోడ్డు గరుకులోకి దిగదు. అంటే మంచే లేకపోయినా, వట్టి చలికే పట్టు తగ్గుతుంది. బెంగళూరులో డిసెంబర్ రాత్రి కూడా మామూలుగా 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి ఇక్కడ మనకు ఆ అనుభవం రాదు.

అలాగని ఇవి పనికిరావని అనను. గాడుల్లో లోతుంటే, వేగం తక్కువగా ఉంటే, చైన్లు తోడుంటే వీటితో వెళ్లి రావచ్చు. కానీ లోతు చూసుకోండి. మన చట్టం కార్లకు 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. మంచుకు అది చాలదు. ఆస్ట్రియాలో వింటర్ టైరుకు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. మంచులోకి వెళ్లేవాళ్లు ఆ 4నే హద్దుగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు టైరు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాడులు బాగానే కనిపించినా ఆరేడేళ్ల పాత టైరుతో చలి ప్రాంతానికి వెళ్లకండి.

"మాది ఫోర్ బై ఫోర్, మాకేం టెన్షన్ లేదు" అనేవాళ్లకు ఒక మాట. నాలుగు చక్రాలూ తిరగడం కారు కదలడానికి, ఎక్కడానికి చాలా సాయం చేస్తుంది. ఆగడానికి మాత్రం ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉంటాయి, ఆ విషయంలో మీదీ పక్క హ్యాచ్‌బ్యాకూ సమానమే. పైగా మీ బండి బరువెక్కువ. ఏబీఎస్ కూడా చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప, లేని పట్టును తెచ్చిపెట్టలేదు.

శిఖరం గుర్తున్న ఆల్ టెర్రైన్, ఆల్ వెదర్ టైర్లు

టైరు పక్కన రెండు గుర్తులు కనిపిస్తుంటాయి. ఒకటి ఎం ప్లస్ ఎస్, అంటే బురద, మంచు. ఇది గాడుల ఆకారాన్ని బట్టి తయారుచేసినవాళ్లు తామే వేసుకునే గుర్తు, దీని వెనక మంచులో చేసిన పరీక్ష ఉండాలన్న నియమం లేదు. రెండోది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు. ఇది ఉండాలంటే టైరును మంచు మీద పరీక్షించాలి. అమెరికాలో, కెనడాలో 1999లో వచ్చిన ఈ గుర్తుకు, అణిగిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలి. జర్మనీ అయితే 2024 అక్టోబర్ నుంచి చలికాలపు రోడ్డుకు ఈ గుర్తు ఉన్నవాటినే ఒప్పుకుంటోంది, వట్టి ఎం ప్లస్ ఎస్ చాలదు.

అయితే ఆ గుర్తును చూసి గాజు మంచు మీద నమ్మకం పెంచుకోవద్దు. పరీక్ష అణిగిన మంచు మీద జరిగింది.

బెంగళూరులో ఎస్‌యూవీ ఉన్నవాళ్లకు ఈ దారి తెరిచే ఉంది. యోకోహామా జియోలాండర్ ఏటీ, బీఎఫ్ గుడ్‌రిచ్ కేఓ2 లాంటి ఆల్ టెర్రైన్ (ఏటీ, అంటే తారుకూ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లలో చాలా సైజులకు శిఖరం గుర్తు ఉంటుంది. మీ సైజుకు ఉందో లేదో షాపులో టైరును తిప్పించి కళ్లారా చూడండి. కూర్గ్ ఎస్టేటు రోడ్లకు, వానాకాలం మట్టిదారులకు కూడా పనికొస్తాయి కాబట్టి డబ్బు వృథా కాదు. వదులుకునేది ఏమిటంటే హైవే మీద కొంచెం రొద, కొంచెం మైలేజీ, తడి తారు మీద మామూలు రోడ్డు టైరుకున్నంత పట్టు. చిన్న కార్లకు ఈ రకం దొరకడం కష్టం.

అమెరికాలో, యూరప్‌లో ఉండేవాళ్లకు మిషెలిన్ క్రాస్ క్లైమేట్ లాంటివి ఉన్నాయి. అమెరికాలో వీటిని ఆల్ వెదర్ అంటారు. ఏడాది పొడవునా వాడుకోవచ్చు, శిఖరం గుర్తు ఉంటుంది. అక్కడ ఆల్ సీజన్ అనే పేరుతో అమ్మే చాలా టైర్లకు ఆ గుర్తు ఉండదు. పేర్లు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల కొత్తగా వెళ్లిన మనవాళ్లు పొరబడుతుంటారు.

అసలు వింటర్ టైర్లు

మంచు దేశాల్లో ఇవే సరైన సమాధానం. రబ్బరు మిశ్రమమే వేరు, మైనస్ 20లో కూడా మెత్తగా ఉంటుంది. ట్రెడ్ (నేలకు ఆనే భాగం) గడుల మీద కత్తితో కోసినట్టు వందల సన్నటి చీలికలు ఉంటాయి. అవి ఒక్కొక్కటీ ఒక అంచులా మంచును గీరి పట్టుకుంటాయి, గాజు మంచు మీది పల్చటి నీటి పొరను పీల్చి పక్కకు తీస్తాయి. ఫిన్లాండ్‌కు చెందిన నోకియన్ కంపెనీ 1934లోనే మొదటి వింటర్ టైరు చేసింది. ఇన్నేళ్ల అనుభవం దీని వెనక ఉంది.

బామ్మర్ది జేసీ రోడ్డంతా తిరిగినా ఎందుకు దొరకలేదంటే ఇక్కడ వాటికి గిరాకీ లేదు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు అవసరం కావడంతో తెప్పించుకోవడమూ సులభం కాదు. మన అపోలో కంపెనీ చేతిలోనే వ్రెడెస్టైన్ అనే డచ్ బ్రాండు ఉంది, యూరప్‌లో వాళ్ల వింటర్ టైర్లకు మంచి పేరు. అపోలో ఫ్యాక్టరీలు చెన్నై పక్కన ఒరగడంలో, మన ఆంధ్రలోని చిన్నపాండూరులో ఉన్నాయి. అయినా ఆ వింటర్ టైరు మన షాపులో ఉండదు.

దొరికినా బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. ఆ మెత్తటి రబ్బరు నాగ్‌పూర్ ఎండలో అరిగిపోతుంది, వేడి తారు మీద ఆగే దూరం పెరుగుతుంది. మంచు మీద సంపాదించుకున్న భద్రతను 5,000 కిలోమీటర్ల పాటు హైవే మీద పోగొట్టుకోవడమే అవుతుంది.

వాడేవాళ్లు మాత్రం నాలుగు చక్రాలకూ వేయించండి. డబ్బు మిగులుతుందని ముందు రెండింటికే వేయిస్తే, మలుపులో ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం విసురుగా తిరిగిపోతుంది. అలాంటి కారు నాలుగూ పాత టైర్లే ఉన్న కారు కంటే ప్రమాదం.

మేకుల టైర్లు

వింటర్ టైరులోనే చిన్న టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు బిగించి ఉంటాయి. సున్నా దగ్గరి తడి గాజు మంచును వీటిలా పట్టే టైర్లు ఇంకోటి లేవు. కానీ మంచు లేని తారును అవి గీరేస్తాయి, రొద చేస్తాయి, పొడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అందుకే జర్మనీ నిషేధించింది. అమెరికాలో మిన్నెసోటా తన నివాసులకు ఒప్పుకోదు. ఒంటారియోలో ఉత్తర ప్రాంతం వాళ్లకే అనుమతి, టొరంటో వాళ్లకు లేదు. క్యూబెక్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ కాలం ప్రకారం అనుమతిస్తాయి. ఊరి బయట, రోజూ గాజు మంచు ఉండే కొండ రోడ్డులో ఇల్లుంటే తప్ప మనవాళ్లకు వీటి అవసరం పడదు.

చైన్లు

బెంగళూరు, చెన్నై నుంచి సొంత కారులో వెళ్లేవాళ్లు ఎక్కువసేపు ఆలోచించాల్సింది వీటి గురించే. మంచు ఉన్న ఆ 60 కిలోమీటర్లకు వేసుకుని, మిగతా దారంతా డిక్కీలో పెట్టుకునే పరికరం ఇది. అణిగిన మంచు మీదా, గడ్డకట్టిన చాళ్ల మీదా మామూలు టైరును ఏ వింటర్ టైరుకూ తీసిపోకుండా చేస్తుంది. మంచు పడిన రోజున మనాలి దాటి సోలాంగ్ వైపు పోలీసులు బండ్లను ఆపి, ఫోర్ బై ఫోర్ వాటిని, చైన్లున్న వాటిని మాత్రమే పంపడం మామూలే. కశ్మీర్‌లో తంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్ ఎక్కే 13 కిలోమీటర్ల ఘాట్‌లో కూడా అంతే.

రకాలు చూడండి. నిచ్చెన మెట్లలా అడ్డంగా మాత్రమే గొలుసు ఉండేవి చవక. ముందుకు, వెనక్కి బాగా పట్టుకుంటాయి, పక్కకు జారడాన్ని అంతగా ఆపవు. వజ్రం ఆకారంలో అల్లినవి ఎప్పుడూ ఎంతో కొంత గొలుసు నేలకు ఆని ఉండేలా చేస్తాయి, కుదుపు తక్కువ, మలుపుల్లో నమ్మకం ఎక్కువ. ఘాట్ రోడ్డుకు రెండోదే కొనండి. మనాలిలో అద్దెకు కూడా ఇస్తారు, కానీ మీ టైరు సైజుకు సరిపోయేది ఆ పూట ఉంటుందన్న హామీ లేదు. వదులు చైను ఊడి బ్రేకు పైపును కొడితే అసలుకే మోసం. 215/60 ఆర్ 16 లాంటి మీ సైజు చూసి, దానికే చేసిన జత ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.

కొనేముందు కారుతో ఇచ్చిన పుస్తకంలో స్నో చైన్ల పేజీ చదవాలి. పెద్ద అలాయ్ చక్రాలున్న కొన్ని కార్లకు చైన్లే వేయకూడదని రాసి ఉంటుంది, సందు చాలదు. ముందు చక్రాలు లాగే కారైతే ముందు, వెనకవి లాగేదైతే వెనక వేయాలి. నాలుగూ లాగేవాటికి కంపెనీ చెప్పినట్టు చేయాలి. ముందు రెండింటికే చైన్లు వేసిన కారు దిగువకు దిగేటప్పుడు బ్రేకు వేస్తే వెనక భాగం తిరిగే ప్రమాదం ఉంది. కాబట్టి తిరుమల ఘాట్ దిగేటప్పుడు చేసినట్టే చిన్న గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగాలి. కాకపోతే ఇక్కడ వేగం అందులో సగం ఉండాలి.

చైన్లకు పైహద్దు గంటకు 50 కిలోమీటర్లని చాలా కంపెనీలు రాస్తాయి. మన ఘాట్లలో 20, 25 దాటవద్దు. వేసిన వంద మీటర్లకు ఆగి మళ్లీ బిగించాలి. మంచు అయిపోయి తారు రాగానే తీసేయాలి, లేకపోతే గొలుసూ తెగుతుంది, టైరూ పాడవుతుంది. నా దృష్టిలో చైన్ల అసలు లోపం ఇదే. రోడ్డు ఒక కిలోమీటరు మంచు, ఒక కిలోమీటరు తారు అన్నట్టుంటే వేయడం, తీయడం విసుగు పుట్టి "ఈ కాస్తకు ఎందుకులే" అనిపిస్తుంది. సిస్సు దగ్గర నా చైన్లు డిక్కీలోనే ఉన్నాయి.

గుడ్డ సాక్సులు

చక్రానికి తొడిగే గట్టి గుడ్డ తొడుగులు. నార్వేలో పుట్టిన ఆటోసాక్ వీటిలో పేరున్నది. తేలిక, అయిదు నిమిషాల్లో తొడగొచ్చు, ఇనుప చైను పట్టని సన్న సందున్న కార్లకు కూడా పడతాయి. అణిగిన మంచు మీద బాగానే పట్టుకుంటాయి. తారు మీద కొన్ని కిలోమీటర్లు నడిపితే చిరిగిపోతాయి, బురద మంచులో బలం తగ్గుతుంది. చైన్లు వేయకూడని కారున్నవాళ్లకు ఇవి మంచి మార్గం. మిగతావాళ్లకు అత్యవసరానికి దాచుకునే వస్తువు. మన కొండదారుల పోలీసు చెక్‌పోస్టుల్లో చైనే అడుగుతారు కాబట్టి సాక్సు చూపించి వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

అన్నిటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| | పొడి మంచు | అణిగిన మంచు | గాజు మంచు | వేడి హైవే | బెంగళూరులో దొరుకుతుందా |
|---|---|---|---|---|---|
| ఉన్న టైర్లు | పర్వాలేదు | బలహీనం | ప్రమాదం | చాలా బాగు | చేతిలోనే ఉన్నాయి |
| శిఖరం గుర్తు ఏటీ | బాగు | పర్వాలేదు | బలహీనం | బాగు | ఎస్‌యూవీ సైజుల్లో |
| వింటర్ టైర్లు | చాలా బాగు | చాలా బాగు | పర్వాలేదు | పనికిరావు | దాదాపు లేదు |
| మేకుల టైర్లు | చాలా బాగు | చాలా బాగు | బాగు | పనికిరావు | లేదు |
| చైన్లు | బాగు | చాలా బాగు | బాగు | వేయకూడదు | ఆన్‌లైన్‌లో |
| సాక్సులు | బాగు | బాగు | పర్వాలేదు | వేయకూడదు | కష్టం |

గాజు మంచు నిలువు వరుసలో ఎక్కడా "చాలా బాగు" లేదని గమనించండి. ఉద్దేశపూర్వకంగానే అలా రాశాను.

మీరు ఎవరైతే ఏది

సొంత కారులో మనాలి, సిస్సు, కశ్మీర్ వెళ్లే ఫ్యామిలీ: 4 మిల్లీమీటర్ల పైన గాడులున్న మంచి రోడ్డు టైర్లు, వాటితో సైజుకు సరిపోయే వజ్రం అల్లిక చైన్లు. ఎస్‌యూవీ ఉండి, ఎలాగూ టైర్లు మార్చే సమయం వచ్చి ఉంటే శిఖరం గుర్తు ఏటీ వేయించుకుని, చైన్లు కూడా పెట్టుకోండి. ఏటీ ఉంది కదా అని చైన్లు మానేయొద్దు.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బెంగళూరులో 27 డిగ్రీలప్పుడు 33 పీఎస్ఐ కొట్టించిన టైరు మైనస్ 10కి చేరితే, చలి వల్లే ఆరు దాకా తగ్గాలి. కానీ 3,000 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి పలచబడడంతో గేజీ మీద దాదాపు మూడు తిరిగి వస్తుంది. చివరికి 30 దగ్గర నిలుస్తుంది. అక్కడ పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి, కంపెనీ చెప్పిన అంకెకు సరిచేసుకోండి. మంచులో పట్టు కోసమని బాగా గాలి తీసేయడం ఇసుకలో పనిచేసే చిట్కా, గాజు మంచుకు కాదు. తిరుగు ప్రయాణంలో కిందికి దిగగానే మళ్లీ చూసుకోవాలి.

విమానంలో వెళ్లి అక్కడ తిరిగేవాళ్లు: నడపకండి. స్థానిక డ్రైవర్‌తో టాక్సీ తీసుకోండి. తంగ్‌మార్గ్‌లో చైన్లున్న బండ్లు దొరుకుతాయి. ఏ మలుపులో నీడ ఉంటుందో, పొద్దున ఎన్నింటికి బయల్దేరకూడదో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేను ఇదొక్కటే చెబుతాను.

అమెరికా, కెనడా వెళ్లే పిల్లలు, వాళ్లకు డబ్బు పంపే తల్లిదండ్రులు: ఊరును బట్టి నిర్ణయించుకోవాలి. మాంట్రియల్ అయితే ఆలోచించే పని లేదు, క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్ట ప్రకారం తప్పనిసరి. టొరంటోలో తప్పనిసరి కాదు, కానీ వేయించుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీలు 2016 నుంచి తగ్గింపు ఇవ్వాల్సిందే. మిన్నియాపొలిస్, బఫెలో, డెట్రాయిట్ వైపు కూడా విడి రిమ్ములతో రెండో జత కొనడమే మేలు. రెండు జతలూ చెరో సగం కాలమే అరుగుతాయి కాబట్టి ఖర్చు మొదట కనిపించినంత ఉండదు. డల్లాస్‌లో ఉండి ఏడాదికోసారి గాజు మంచు చూసేవాళ్లు ఆ రెండు రోజులు కారు తీయకపోవడమే ఉత్తమం. శాన్‌హోసేలో ఉండి టాహో మంచు కొండలకు వెళ్లేవాళ్లు ఆల్ వెదర్ టైర్లు, డిక్కీలో చైన్లు పెట్టుకోండి. కాలిఫోర్నియాలో చైన్ల నియమం తెలిపే బోర్డుల్లో ఆర్2 పెడితే నాలుగు చక్రాలూ లాగే కారుకు నాలుగు మంచు టైర్లుంటేనే చైన్లు వేయకుండా పంపుతారు, ఆర్3 పెడితే ఎవరికీ మినహాయింపు లేదు. అద్దె కారైతే చైన్లు వేయొచ్చో లేదో ఒప్పందంలో ముందే చూసుకోవాలి. చాలావాటిలో వద్దని ఉంటుంది.

బైకు మీద వెళ్లాలనుకునే కుర్రాళ్లు: మంచు కాలంలో వద్దు తమ్ముళ్లూ. రెండు చక్రాల మీద గాజు మంచుకు మందు లేదు. జూన్ తర్వాత వెళ్లండి, ఆ కొండలు ఎక్కడికీ పోవు.

మా బామ్మర్ది చివరికి ఉన్న టైర్లే ఉంచుకుని, చైన్లు తెప్పించాడు. పోయిన ఆదివారం వాళ్ల అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకుని, లైట్లు ఆర్పి సెల్‌ఫోన్ వెలుతురులో వేయడం సాధన చేయించాను. అక్కడ చలిలో, చీకట్లో చేయాల్సింది అదే కదా. మా చెల్లెలు కూడా వేసింది. మొదటిసారి 40 నిమిషాలు పట్టింది, ఒక కొక్కెం తిరగేసి పెట్టారు. నాలుగోసారికి 12 నిమిషాల్లో రెండు చక్రాలూ అయిపోయాయి. సిస్సు దగ్గరి ఆ నీడ మలుపు ఎక్కడుందో మ్యాపులో గుర్తు పెట్టించాను. ఎండ ఆ మలుపు మీదికి వచ్చేదాకా, అంటే పొద్దున పదిన్నర దాటేదాకా, అటు కదలనని మాట ఇచ్చాడు.